అప్‌డేట్: కార్నియా తడిగా ఉండటానికి చుక్కలా, జెల్లా?

శుక్లాల ఆపరేషన్‌లో కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) ఆరిపోకుండా బీఎస్‌ఎస్ (కంటికి సరిపడే ఉప్పునీటి ద్రావణం) చుక్కలు మేలా, 2% హెచ్‌పీఎంసీ (సెల్యులోజ్‌తో చేసే చిక్కటి పదార్థం) జెల్ మేలా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. మీ సలహాతో జెల్‌కు మారాం. బీఎస్‌ఎస్ కాసేపటికే జారిపోతుంది, అసిస్టెంట్ మళ్లీ మళ్లీ వేస్తూనే ఉండాలి. వేసినప్పుడల్లా మైక్రోస్కోప్‌లో దృశ్యం చెదిరేది. జెల్ పలుచగా పరుచుకుని చాలాసేపు నిలుస్తోంది. క్యాప్సులోరెక్సిస్ (కంటి లెన్స్ ముందు పొరను గుండ్రంగా తెరవడం) చేసేటప్పుడు ఆ స్పష్టత ఎంత ధైర్యమిస్తుందో! గాలి బుడగలు రాకుండా వేయాలి, అంతే.

కార్నియా లోపలి పొర ఎండోథీలియంను మరవొద్దన్నవారికి ప్రత్యేకంగా థాంక్స్. ఆ పొరలోని కణాలు పోతే మళ్లీ పుట్టవు, పైన పూసిన జెల్ వాటిని కాపాడలేదు. అందుకే ఫేకోకు (అల్ట్రాసౌండ్‌తో శుక్లాన్ని ముక్కలు చేసి పీల్చేయడం) ముందు కాండ్రాయిటిన్ సల్ఫేట్ ఉన్న విస్కోఎలాస్టిక్ (కణాలను కాపాడే జెల్ లాంటి పదార్థం) కంటి లోపలికి ఎక్కిస్తున్నాం. శుక్లం గట్టిగా ఉంటే మధ్యలో ఇంకోసారి. చివర్లో దాన్ని పూర్తిగా తీసేయాలి, మిగిలితే కంటి ప్రెషర్ పెరుగుతుంది.