ఇంట్లో కుక్కలుంటే చెక్క నేలకు ఏ ఫినిష్ నిలబడుతుంది?

రెండుతోకలు:

ఓక్ పలకల నేల. పలక మందం 20 మి.మీ., మొత్తం 40 చదరపు మీటర్లు. పాత పాలీయురిథేన్ పూత నడిచే దారిలో పూర్తిగా అరిగిపోయి ఉత్త చెక్క తేలింది. రెండు మూడు చోట్ల నల్లటి మచ్చలున్నాయి. ఇంట్లో రెండు కుక్కలు, ఒక్కోటి 30 కిలోలకు తక్కువ ఉండదు. కాలింగ్ బెల్ మోగిందంటే రెండూ గుమ్మం దాకా పరుగే. మొత్తం శాండింగ్ చేసి కొత్తగా పూత వేయాలి. ఆయిల్ పాలీయురిథేన్, వాటర్ బేస్డ్ టూ-కాంపోనెంట్, హార్డ్‌వ్యాక్స్ ఆయిల్ (నూనె, మైనం కలిసినది), ఈ మూడింటిలో గోళ్లకు ఏది ఆగుతుంది? ఎన్ని పూతలు (కోట్లు) వేయాలి?

చిత్రిక:

గీత వేరు, సొట్ట వేరు. ముందు ఈ రెండిటినీ విడదీసి చూడండి. మూడు కోట్లు వేసినా ఆరిన పూత మందం మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూ ఉంటుంది, అంతే. పరుగులో ఉన్న కుక్క మలుపు తిరిగితే బరువంతా రెండు మూడు గోళ్ల మీద పడుతుంది. అప్పుడు పూత చెక్కుచెదరకపోయినా కింద చెక్క లోపలికి నొక్కుకుపోతుంది. దాన్ని ఏ ఫినిష్షూ ఆపలేదు, అది చెక్క గట్టిదనం మీదే ఆధారపడుతుంది. చెక్క గట్టిదనాన్ని చెప్పే జంకా కొలతలో (అంకె ఎక్కువైతే గట్టి చెక్క) రెడ్ ఓక్ 1290, వైట్ ఓక్ 1360, హికరీ 1820, ఈస్టర్న్ వైట్ పైన్ 380. మీ ఓక్ ఫర్వాలేదు, కానీ సొట్టలు అసలు పడవని మాత్రం అనుకోకండి.

గీతల వరకైతే నా ఓటు వాటర్ బేస్డ్ టూ-కాంపోనెంట్‌కే. పూయడానికి ముందు కలిపే హార్డెనర్ పూతలోని అణువులను ఒకదానికొకటి అల్లేస్తుంది. అందుకే ఒకే డబ్బాలో వచ్చే రకాల కంటే గోటికీ, మూత్రానికీ ఎక్కువ తట్టుకుంటుంది. ఆయిల్ పాలీయురిథేన్ చెడ్డదేమీ కాదు. కొంచెం మెత్తగా ఉంటుంది కాబట్టి గీత పడ్డా తెల్లగా పగలదు. కానీ పూర్తిగా గట్టిపడటానికి నెల పడుతుంది, పోనుపోను పసుపెక్కుతుంది.

పాళ్లు డబ్బా మీద ఎలా ఉంటే అలాగే కలపండి. చాలా వాటిలో 10 పాళ్లకు 1 పాలు హార్డెనర్. లీటరు సుమారు 10 చదరపు మీటర్లకు వస్తుంది, అంటే మీకు కోటుకు 4 లీటర్లు. ఒక కోటుకు సరిపడా మాత్రమే కలపండి. కలిపిన పూత దాదాపు 4 గంటలే పనికొస్తుంది. ఇక్కడే చాలామంది దెబ్బ తింటారు: గడువు దాటినా అది చిక్కబడదు, చూడటానికి మామూలుగానే ఉంటుంది, రోలర్‌కు చక్కగా అంటుతుంది. గట్టిదనం మాత్రం రాదు, మొదటికే మోసం. చాలా హార్డెనర్లలో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్ ఉంటుంది కాబట్టి గ్లవ్స్, ఆవిర్లను ఆపే కార్ట్రిడ్జ్ మాస్క్ తప్పనిసరి. బట్ట మాస్క్ చాలదు. ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ పని జరిగే చోట ఉండకూడదు.

ముందు ఒక సీలర్ (అడుగు పూత), పైన మూడు కోట్లు. మొదటి కోటు నీటికి చెక్క పీచు లేస్తుంది. ఆరాక 180 నంబరు ఉప్పు కాగితంతో తేలిగ్గా రుద్ది, వ్యాక్యూమ్ పట్టి, తడిపి పిండిన మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. స్టీల్ ఊల్ వాడొద్దు. దాని తునకలు పూత కింద తుప్పు పట్టి ఓక్ మీద నల్లటి చుక్కలవుతాయి.

నల్ల మచ్చల పని శాండింగ్‌తో పాటే తేల్చాలి. మేకు చుట్టూ ఉంటే అది ఇనుము మరక. ఆక్సాలిక్ యాసిడ్ కలిపిన నీళ్లతో పోతుంది, ఆ తర్వాత వంటసోడా నీళ్లతో, మళ్లీ మంచినీళ్లతో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. ఆరిన యాసిడ్ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, కడగకుండా దాని మీద మిషన్ నడపొద్దు. పలకల సందుల వెంట ఉంటే అది మూత్రం. మూత్రంలోని అమ్మోనియా ఓక్‌లోని టానిన్ అనే వగరు పదార్థంతో కలిసి లోతుగా నల్లబరుస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కొంత తేలికపడొచ్చు. శాండింగ్ చేశాక కూడా అలాగే ఉంటే ఆ పలక మార్చేయడమే నయం.

నూనెగుడ్డ:

చిత్రిక గారు చెప్పినవి సరైనవే, కానీ రెండేళ్ల తర్వాత సంగతి కూడా ఆలోచించండి. పొరలా నిలిచే పూత మీద లోతైన గీత పడితే అక్కడొక్కచోటే పూయడం కుదరదు, అతుకు కొట్టొచ్చినట్టు కనపడుతుంది. గది మొత్తం గరుకు చేసి మరో కోటు వేయాల్సిందే. హార్డ్‌వ్యాక్స్ ఆయిల్ చెక్కలోకి ఇంకుతుంది. గీత పడిన పలక వరకు ప్యాడ్‌తో రుద్ది, కాస్త నూనె పట్టించి, తుడిచేస్తే పని అయిపోయింది. గీతలు తప్పవని తెలిసిన ఇంట్లో ఈ వెసులుబాటు చిన్నదేం కాదు.

దీనికి శాండింగ్ 40, 60, 80, చివర 120 నంబరు ఉప్పు కాగితాలతో. అంతకంటే నునుపు చేస్తే రంధ్రాలు మూసుకుపోయి నూనె ఇంకదు. పలచగా పట్టించి, డబ్బా మీద చెప్పిన నిమిషాల లోపు మిగులు మొత్తం తుడిచేయాలి. మిగిలిపోయిన నూనె జిగటగా ఉండి కుక్క వెంట్రుకలన్నీ లాక్కుంటుంది.

బలహీనత కూడా చెప్పాలి. మూత్రం కొన్ని గంటలు నిలిస్తే దీనిలోకి దిగుతుంది. కుక్కపిల్లలు, ఆపుకోలేని ముసలి కుక్కలు ఉంటే నేను దీన్ని చెప్పను. నడిచే దారిలో ఏడాదికో రెండేళ్లకో మళ్లీ నూనె పట్టించాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది గుడ్డల సంగతి. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే గాలితో చర్య జరిగి వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో ముంచి, మూత ఉన్న ఇనుప డబ్బాలో పెట్టండి. లేదా బయట ఒక్కొక్కటిగా పరిచి పూర్తిగా గట్టిపడేదాకా ఆరబెట్టండి.

గీతలకాపరి:

ఏ రకం తీసుకున్నా మెరుపు తక్కువది తీసుకోండి. బాగా మెరిసే పూత మీద ప్రతి గీతా వెలుతురులో తళుక్కుమంటుంది, శాటిన్ లేదా మ్యాట్ మీద కలిసిపోతుంది. నల్లటి స్టెయిన్ (చెక్కకు పట్టించే రంగు) జోలికి పోవద్దు. ముదురు రంగు మీద పూత గీసుకుంటే తెల్లటి చారలే కనపడతాయి, ఓక్ సహజ రంగు మీద అవి అంతగా తెలియవు. శాటిన్ డబ్బాను కుదిపితే బుడగలు, కలపకపోతే మెరుపు తగ్గించే పొడి అడుగునే ఉండిపోతుంది. అడుగు నుంచి కర్రతో నిదానంగా కలపండి.

నేలను అరగదీసేది గోరు ఒక్కటే కాదు, పాదాలకు అంటుకొచ్చే ఇసుక కూడా. ఇసుక రేణువు పూత కంటే ఎంతో గట్టిది. గుమ్మం బయట ఒక పట్టా, లోపల ఒక పట్టా వేయండి. గోళ్లు కత్తిరించాక అంచులు గ్రైండర్‌తో గుండ్రం చేయండి, అప్పుడే కత్తిరించిన అంచు పదునుగా ఉంటుంది. పరుగు మొదలయ్యే చోటా, మలుపు దగ్గరా కార్పెట్ పట్టీ వేస్తే కుక్క జారదు. జారే కుక్కే గోళ్లు దించేస్తుంది.

శుభ్రం చేయడానికి స్టీమ్ మాప్, వెనిగర్, సిలికాన్ పాలిష్ ఏవీ వద్దు. సిలికాన్ తగిలిన నేల మీద తర్వాతి కోటు చేపకళ్లలా విడిపోతుంది. మూత్రం పడ్డ చోట అమ్మోనియా ఉన్న క్లీనర్ వాడితే ఆ వాసనకు కుక్క మళ్లీ అక్కడికే వస్తుంది. ఎంజైమ్ క్లీనర్ వాడండి.

రెండుతోకలు:

చాలా ఉపయోగపడింది. హాలుకీ గుమ్మం దారికీ టూ-కాంపోనెంట్, పడకగదికి హార్డ్‌వ్యాక్స్ అనుకుంటున్నాను. ఒకే ఇంట్లో రెండూ కుదురుతాయా? కుక్కలు ఎన్ని రోజులు బయట?

చిత్రిక:

కుదురుతాయి. రెండూ కలిసే గీత సరిగ్గా తలుపు కింద రావాలి. హాలు పని ముందు పూర్తి చేసి, ఆరాక అంచుకు టేపు వేసి, ఆ తర్వాతే నూనె పని మొదలుపెట్టండి. నూనె చుక్క పడిన చెక్క మీద వాటర్ బేస్డ్ పూత పట్టదు, పొరలుగా లేచిపోతుంది.

చివరి కోటు వేసిన మర్నాడు మీరు సాక్సులతో నడవొచ్చు. కుక్కల్ని కనీసం మూడు రోజులు, వీలైతే వారం ఆపండి. మొదటి వారంలో పడే గీతలే లోతుగా మిగిలిపోతాయి. పట్టాలు, కార్పెట్లు రెండు వారాల తర్వాత. రబ్బరు అడుగు ఉన్న పట్టాలు ఎప్పుడూ వద్దు, రబ్బరులోని రసాయనాలు పూతకు పట్టి పసుపు మరక దిగుతుంది. హాల్లో పూత బాగా పలచబడితే, చెక్క తేలక ముందే 150 నంబరు శాండింగ్ జాలీతో గరుకు చేసి ఒక కోటు వేయండి. ఈసారి చెక్క తేలేదాకా ఆగితే మళ్లీ మొత్తం శాండింగే.