క్లూజో తీసిన ‘కే దెజోర్ఫెవ్ర్’ మూల నవల చదివినవాళ్లున్నారా?

1947లో వచ్చిన ఈ ఫ్రెంచ్ డిటెక్టివ్ సినిమా గురించి ఒక సాయం కావాలి. బెల్జియన్ రచయిత స్టీమన్ రాసిన నవల ఆధారంగానే తీసినా, స్క్రిప్ట్ మొదలుపెట్టే సమయానికి పుస్తకం దొరక్క క్లూజో గుర్తున్నంత వరకు రాసుకుంటూ పోయాడని, చివరికి హంతకుడే మారిపోయాడని చదివాను. అప్పట్నుంచీ ఒకటే ఆలోచన, అసలు నవలలో ఏముంది?

ముఖ్యంగా ఫొటోగ్రాఫర్ డోరా గురించి తెలుసుకోవాలి. గాయని జెన్నీ మర్చిపోయిన ఫర్ (మెడకి చుట్టుకునే బొచ్చు వస్త్రం) కోసం శవం ఉన్న ఇంటికి ఒంటరిగా వెళ్లి, వేలిముద్రలు కూడా తుడిచేసి వస్తుంది కదా, అంత చేసినా ఆమె మనసులో మాట ఆ జెన్నీకి తెలియదు. నాకైతే సినిమాకి ప్రాణం ఆమే, లూయీ జూవే చేసిన ఇన్‌స్పెక్టర్ ఆంత్వాన్ ఎంత గొప్పగా ఉన్నా సరే. ఈ డోరా నవలలో ఉందా, లేక క్లూజో కల్పించాడా?

ఫ్రెంచ్ వచ్చినవాళ్లు, పారిస్‌లో గానీ బ్రస్సెల్స్‌లో గానీ ఉంటున్న మనవాళ్లు ఎవరైనా చదివుంటే చెప్పండి, ప్లీజ్. ఇంగ్లిష్ అనువాదం ఎక్కడైనా దొరుకుతుందా? నవలలో హంతకుడెవరో మాత్రం ఇక్కడ రాయకండి, అది నేనే చదువుకుంటాను.