అప్‌డేట్: బాబును అత్యవసరంగా తీసుకువెళ్లినప్పుడు అడిగిన అనవసర ప్రశ్నల గురించి

జ్వరంతో ఫిట్స్ వచ్చిన మా రెండేళ్ల బాబును రాత్రివేళ నేనొక్కదాన్నే ఆసుపత్రికి తీసుకువెళ్లాను. వాడు నా భుజంపై వాలిపోయి ఉండగానే రిజిస్ట్రేషన్ కౌంటర్‌లోని ఉద్యోగిని "మీరేమిట్లమ్మా? మీవారు రాలేదేం, విడిగా ఉంటున్నారా?" అని మా కులం, కాపురం గురించి ఆరా తీసింది. దీనిపై ఫిర్యాదు చేయవచ్చా అని గతంలో అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు. బాబు ఇప్పుడు కులాసాగా ఉన్నాడు.

ఫిట్స్ ఎంతసేపు ఉన్నాయి, బరువెంత, టీకాలు వేయించారా, ఇంట్లో ఎవరికైనా చిన్నప్పుడు ఇలా వచ్చిందా అని డ్యూటీ డాక్టరు అడిగినవన్నీ చికిత్సకు కావలసినవే. మేనరికమా అన్న ప్రశ్న సైతం, వినడానికి ఇబ్బందిగా ఉన్నా, జన్యుపరమైన జబ్బులను దృష్టిలో పెట్టుకుని అడిగేదే కనుక దానిపై నాకు అభ్యంతరం లేదు. కులానికీ కాపురానికీ మందు మోతాదుతో ఏం సంబంధం?

మీలో ఒకరు సూచించినట్లు, జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలోని గోప్యత, గౌరవం, అత్యవసర చికిత్స అంశాలను ప్రస్తావిస్తూ సూపరింటెండెంటుకు లేఖ రాశాను. ఆయన పిలిపించి, ఫారంలో కులం గడి అసలు లేనే లేదని కంప్యూటర్ తెరపై చూపించారు. అంటే అది కేవలం ఆమె కుతూహలమే (నా అనుమానమూ అదే). ఇకపై పిల్లల అత్యవసర కేసుల్లో పేరు, వయసు, ఫోన్ నంబరు మాత్రమే రాసుకుని లోపలికి పంపాలని, మిగతా వివరాలు తరువాత తీసుకోవాలని సిబ్బందికి రాతపూర్వకంగా ఆదేశమిచ్చి, దాని ప్రతిని నాకూ అందజేశారు. ఆ ఉద్యోగినిపై చర్య తీసుకోమని నేను కోరలేదు. క్షమాపణ మాత్రం ఇంతవరకు రాలేదు.