క్యాన్సర్ సపోర్ట్ గ్రూప్‌లో ముందు ఏది ఉండాలి: మనసు విప్పి మాట్లాడుకోవడమా, విషయం తెలుసుకోవడమా?

వేకువ:
మా గ్రూప్‌లో కొంతకాలంగా ఒకటే వాదన. పేషెంట్లు, చికిత్స పూర్తయినవాళ్లు, ఇంట్లోవాళ్లు అందరూ కలిసి కూర్చునే గ్రూప్ ఇది. ప్రతి సమావేశంలో సగం సమయం నర్సో డాక్టరో వచ్చి విషయాలు చెప్పాలని కొందరంటున్నారు. పాఠాలు ఆస్పత్రిలో చాలు, ఇక్కడైనా మమ్మల్ని మాట్లాడుకోనివ్వండని మిగతావాళ్లు. ఇలాంటి గ్రూపులు నడిపేవాళ్లు, వెళ్లేవాళ్లు ఇక్కడ ఉన్నారు కదా, మీరేమంటారు?

నా ఓటు తెలుసుకోవడానికే. ఈ మధ్య ఒకావిడ మొదటి కీమోకి ముందు మా దగ్గరికి వచ్చారు. ఫైలు ఒళ్లో పెట్టుకుని, దాని దారం వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చున్నారు. ఎవరికి జరిగింది వాళ్లు చెప్పారు. ఒకరికి నోటినిండా పుళ్లు, ఒకరికి ఆగని వాంతులు, ఇంకొకరికి ఐసీయూ. అన్నీ నిజాలే. కానీ జ్వరం ఎంత ఉంటే ఆస్పత్రికి ఫోన్ చేయాలో ఆ గంటలో ఒక్క నోటా రాలేదు. చాలా కీమో మందులకి, మందు ఎక్కించిన ఒకటి రెండు వారాల మధ్యలో రోగక్రిములతో పోరాడే తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు 100.4 డిగ్రీల జ్వరం వచ్చిందంటే మాత్ర వేసుకుని పడుకోకూడదు, తెల్లారేదాకా ఆగకూడదు. ఆవిడ వెళ్లిపోతుంటే గుమ్మం దగ్గర ఆపి ఇదంతా చెప్పాను, ఆస్పత్రి నంబరు ఫైలు అట్ట మీద రాయించాను. ప్రాణం మీదికొచ్చే విషయం గుమ్మం దగ్గర చెప్పి పంపేది కాదు.

నడిరేయి:
వేకువ గారూ, నాది స్టేజ్ ఫోర్, అంటే క్యాన్సర్ వేరే అవయవాలకి పాకిన దశ. జ్వరం సంగతి, కణాల సంగతి నాకు కంఠతా వచ్చు. నాకు దొరకనిది వేరే ఉంది. ఇంట్లో 'చచ్చిపోతానేమోనని భయంగా ఉంది' అని నోరు తెరవగానే, 'అలాంటి మాటలెందుకు, ధైర్యంగా ఉండు' అని మాట మార్చేస్తారు. వాళ్లని తప్పు పట్టను, వినలేరు పాపం. గ్రూప్‌లో అదే మాటంటే ఒకామె, 'నాకూ రాత్రి రెండింటికి మెలకువ వచ్చేస్తుంది, అప్పుడే ఎక్కువ' అంది. సలహా లేదు, ఓదార్పు లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది. ఆ పది నిమిషాలు తీసేసి పోషకాహారం మీద స్లైడ్లు వేస్తామంటే నేను రాను.

మాటలకున్న బలం చిన్నదేం కాదు. డేవిడ్ స్పీగల్ అనే సైకియాట్రిస్ట్ 1989లో ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో రొమ్ము క్యాన్సర్ వేరే అవయవాలకి పాకిన 86 మంది మహిళలున్నారు. గ్రూప్ థెరపీకి వెళ్లినవాళ్లు సగటున 36.6 నెలలు బతికితే, వెళ్లనివాళ్లు 18.9 నెలలు బతికారు.

వార్డు మెట్లు:
నేను క్యాన్సర్ వార్డులో నర్సుని. నడిరేయి గారూ, ఆ అధ్యయనం తర్వాత జరిగింది కూడా చెప్పుకోవాలి. కెనడాలో పమేలా గుడ్విన్ బృందం 235 మందితో అదే పద్ధతి పరీక్షించి 2001లో ఫలితాలు ఇచ్చింది. ఆయుష్షు పెరగలేదు. స్పీగలే మళ్లీ 125 మందితో చేసి 2007లో ప్రచురించారు, మొత్తం మీద తేడా కనిపించలేదు. ఇంత పట్టుబట్టి ఎందుకు చెబుతున్నానంటే, గ్రూప్‌కి వెళ్తే ఎక్కువ కాలం బతుకుతామని నమ్మి, ఒంట్లో ఓపిక లేకపోయినా వచ్చేవాళ్లని చూశాను. రాలేకపోయిన రోజున తామే ఏదో తప్పు చేసినట్టు కుంగిపోతారు. రోగంతో పాటు ఆ బరువు కూడా వాళ్ల నెత్తిన పెట్టడం అన్యాయం.

అయితే గుడ్విన్ అధ్యయనంలోనే ఇంకోటి తేలింది. మొదటినుంచీ బాగా బాధలో ఉన్నవాళ్లకి గ్రూప్ వల్ల మనసు కుదుటపడింది, నొప్పి కూడా తక్కువ అనిపించింది. గ్రూప్ ఉండటానికి ఆ కారణం చాలు.

ఇక అసలు ప్రశ్న. విక్కీ హెల్గెసన్ బృందం 1999లో దాదాపు ఇదే తేల్చే ప్రయత్నం చేసింది. రొమ్ము క్యాన్సర్ పాకని దశల్లో ఉన్న 312 మందిలో కొందరికి ఎనిమిది వారాలు విషయాలు చెప్పారు, కొందరిని తమలో తాము మాట్లాడుకోనిచ్చారు, కొందరికి రెండూ, కొందరికి ఏదీ లేదు. విషయాలు తెలుసుకున్నవాళ్లకే మేలు కనిపించింది. ఉత్త మాటల వల్ల మొత్తం మీద మేలు కనిపించలేదు. కానీ లోపలికి వెళ్లి చూస్తే, ఇంట్లోనో డాక్టర్ దగ్గరో ఆసరా దొరకనివాళ్లకి మాటల గ్రూప్ పనికొచ్చింది. అప్పటికే ఆసరా బాగా ఉన్నవాళ్లకి కొంత చెడు కూడా చేసింది. అందుకే ఏది ముందు అని అడిగేకన్నా, వచ్చిన మనిషికి ఇంట్లో చెప్పుకునే దిక్కు ఉందా లేదా అని ముందు కనుక్కోవాలంటాను.

నడిరేయి:
ఆయుష్షు సంగతి ఒప్పుకుంటాను. కానీ మీరు చెప్పిన 312 మందిలో నాలాంటివాళ్లు లేరు కదండీ. వాళ్లకి చికిత్స ఒక రోజున అయిపోతుంది. నాకు అవదు.

వేకువ:
అవును, లేరు. మరి స్టేజ్ ఫోర్‌లో తెలుసుకోవడం వల్ల ఉపయోగం లేదంటారా? ఈథన్ బాష్ బృందం 2017లో ప్రచురించిన అధ్యయనం చూడండి. క్యాన్సర్ పాకిన 766 మంది. కొందరు తమ ఇబ్బందులు ఎప్పటికప్పుడు కంప్యూటర్‌లో నమోదు చేసేవారు, ఏదైనా ఎక్కువైతే నర్సుకి కబురు వెళ్లేది. మిగతావాళ్లకి మామూలు వైద్యం. నమోదు చేసినవాళ్లు దాదాపు 31.2 నెలలు బతికితే, మిగతావాళ్లు 26 నెలలు బతికారు. నేను గ్రూప్‌లో నేర్పించాలంటున్నది ఇలాంటిదే. ఏ ఇబ్బంది చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, 'కొంచెం నీరసంగా ఉందండి' అని సర్దుకోకుండా 'నిన్నటినుంచి మంచం దిగలేకపోతున్నాను' అని ఎలా చెప్పాలి. స్లైడ్ల గొడవే అక్కర్లేదు.

పక్క కుర్చీ:
మా ఆవిడకి చికిత్స నడుస్తోంది. మీరంతా పేషెంట్ల గురించే మాట్లాడుతున్నారు, పక్కన కూర్చునే మా మాటేమిటి? తినకపోతే బతిమాలాలా, వదిలేయాలా అని నాకు రోజూ టెన్షన్. అది ఆమె ముందు అడిగితే ఫిర్యాదులా ఉంటుంది. ఆమె ముందు నేను ఏడవను. మాకు నెలకి ఒక్కసారైనా వేరే గది కావాలి.

ఇంకో సంగతి. ఒక గ్రూప్‌లో ఒకాయన కీమో మానేసి ఏదో పొడి వాడితే తగ్గిపోయిందని చెప్పారు. సమావేశం అవగానే నలుగురు చుట్టూ చేరి ఫోన్ నంబరు రాసుకున్నారు. అడ్డుచెప్పే బాధ్యత ఎవరికీ లేదు, ఎందుకంటే అది అనుభవాలు పంచుకునే చోటు.

వార్డు మెట్లు:
ఇది నాకు అన్నిటికన్నా భయం. అమెరికాలోని యేల్ యూనివర్సిటీ పరిశోధకులు 2018లో, క్యాన్సర్ ఇంకా పాకని దశలోనే మామూలు వైద్యం వద్దని ప్రత్యామ్నాయ వైద్యం మాత్రమే ఎంచుకున్న 281 మంది వివరాలు చూశారు. మామూలు వైద్యం తీసుకున్నవాళ్లతో పోలిస్తే మరణం ముప్పు రెండున్నర రెట్లు. రొమ్ము క్యాన్సర్‌లో అయిదు రెట్లు దాటింది. ఆయన్ని మాట్లాడనివ్వండి, అవమానించొద్దు. కానీ ఆ మాట అక్కడే, అందరి ముందే, చికిత్స ఆపకుండా మీ డాక్టర్ని అడగండి అని చెప్పే మనిషి గదిలో ఉండి తీరాలి.

నడిరేయి:
అలాంటి మనిషి ఉండాలి, అందులో రెండో మాట లేదు. పాఠం చెప్పే మనిషి, గదిని చూసుకునే మనిషి ఒకరే కావాలని లేదు.

కానీ స్టేజ్ ఫోర్‌కి విడిగా కూర్చునే వీలు కావాలి. అందరం కలిసి కూర్చున్నప్పుడు కొత్తవాళ్లు నా వైపు చూసి మౌనంగా అయిపోతారు. అది చూసి నా స్కాన్ రిపోర్ట్ సంగతి మింగేస్తాను. నేను ఇదివరకు వెళ్లిన గ్రూప్‌లో ఒకామె చనిపోయారు. తర్వాతి సమావేశం ఆ రోజు టాపిక్‌తోనే మొదలైంది. ఆమె పేరు ఎవరూ ఎత్తలేదు, కొత్తవాళ్లు భయపడతారని. నేను పోయినా ఇంతేనన్నమాట అనిపించింది. తర్వాత అక్కడికి వెళ్లలేదు.

వార్డు మెట్లు:
ఆమె పేరు చెప్పాల్సింది. చెప్పి, మాట్లాడాలనుకున్నవాళ్లని మాట్లాడనిచ్చి, కొత్తవాళ్లతో తర్వాత విడిగా కూర్చోవాల్సింది. భయపడతారని దాచినా వాళ్లకి తెలుస్తుంది, కాకపోతే ఇంకెవరి నోటనో తెలుస్తుంది.

వేకువ:
నడిరేయి గారూ, స్టేజ్ ఫోర్‌కి విడి సమావేశం, పక్క కుర్చీ గారన్న సంరక్షకుల గది, రెండూ మా వాళ్ల ముందు పెడతాను. మొదటి కీమోకి వెళ్లేవాళ్లని మాత్రం ఒక నర్సు విడిగా కూర్చోబెట్టి అరగంట విషయం చెప్పాకే గుండ్రంగా కూర్చునే చోటికి పంపాలి. అందులో నేను వెనక్కి తగ్గను. నా ప్రశ్న ఒక్కటే మిగిలింది: స్టేజ్ ఫోర్ గదిలో కూర్చోవడానికి శిక్షణ ఉన్న మనిషి కావాలి. మీరు చూసిన చోట్ల ఆ పని ఎవరు చేస్తున్నారు?

వార్డు మెట్లు:
ఆంకాలజీ సోషల్ వర్కర్ (క్యాన్సర్ పేషెంట్లకి, ఇంట్లోవాళ్లకి తోడుండే సోషల్ వర్కర్) కానీ, పాలియేటివ్ కేర్ టీమ్ (నొప్పి, బాధ తగ్గించడం చూసుకునేవాళ్లు)లోని కౌన్సెలర్ కానీ. ముందు మీ ఆస్పత్రి పాలియేటివ్ విభాగంలో అడగండి. చావు గురించి మాట వస్తే టాపిక్ మార్చని మనుషులు అక్కడ దొరుకుతారు.

నడిరేయి:
అలాంటివాళ్లు దొరికితే నేను వస్తాను.