మిథ్యాగర్భం మనోవ్యాధా, దేహవ్యాధా?

తుంగభద్ర:
కడుపులో బిడ్డ లేకపోయినా గర్భిణి లక్షణాలు కనిపించడమే మిథ్యాగర్భం. ఇంగ్లండు రాణి మొదటి మేరీ 1555 ఏప్రిల్‌లో కాన్పు కోసం హాంప్టన్ కోర్టు రాజభవనానికి చేరినప్పుడు, బిడ్డ పుట్టిన వార్తను విదేశాలకు తెలిపే లేఖలను, తేదీకి మాత్రం చోటు వదిలి, ముందే రాసి ఉంచారు. ఆ నెలాఖరున కొడుకు పుట్టాడన్న పుకారుకే లండన్‌లో గంటలు మోగించారు. ఆగస్టు నాటికి బిడ్డ లేదని తేలిపోయింది. వారసుడి కోసం తపించిన మనసే ఆమె శరీరాన్ని అలా నడిపించిందని, ఇటువంటివారిని ముందుగా మానసిక వైద్యుడి వద్దకే పంపాలని నా వాదన.

పాత స్టెతస్కోపు:
తుంగభద్ర గారూ, అయిదు వందల ఏళ్ల నాటి రోగికి మనం ఇప్పుడు రోగనిర్ధారణ చేయలేము. ఆమెకు కడుపులో గడ్డ ఉందేమో ఎవరు చూశారు? ఎదకు వచ్చిన ఆడకుక్కకు చూలు నిలవకపోయినా, రెండు నెలల తరువాత గర్భాన్ని నిలిపే హార్మోను ప్రొజెస్టెరాన్ తగ్గి, పాలు తెప్పించే హార్మోను ప్రొలాక్టిన్ పెరిగేసరికి పాలు రావడం, అది ఏదో బొమ్మను పిల్లలా కాపాడుకోవడం పశువైద్యులందరికీ తెలిసిన సంగతే. దానికి వారసుడి బెంగ లేదు కదా. మానసిక రోగాలకు ఇచ్చే రిస్పెరిడోన్ వంటి మందులు కూడా ప్రొలాక్టిన్‌ను పెంచి నెలసరిని ఆపగలవు, పాలు తెప్పించగలవు. నెల తప్పి, రొమ్ముల్లో పాలు కనిపించిన స్త్రీ తాను గర్భవతినని అనుకోవడంలో మతిభ్రమణం ఎక్కడుంది?

తుంగభద్ర:
కుక్క ఉదాహరణ ఇక్కడ అతకదు. స్త్రీకి గర్భం నిలవకపోతే ప్రొజెస్టెరాన్ రెండు వారాల్లోనే పడిపోతుంది. పైగా, ఎడిన్‌బరో వైద్యుడు జేమ్స్ యంగ్ సింప్సన్ 19వ శతాబ్దంలోనే ఇటువంటి స్త్రీలకు క్లోరోఫామ్ ఇచ్చి చూస్తే, ఎత్తుగా ఉన్న పొట్ట మత్తులో చదునై, మెలకువ రాగానే మళ్లీ లేచేది. గడ్డ అయితే మత్తుకు కరగదు.

గోరింటాకు:
నేను ప్రసూతి వార్డులో నర్సుగా పనిచేశాను. సింప్సన్ చూసినది నిజమే, కానీ అది పొట్ట ఎత్తు సంగతి మాత్రమే. ఆగిన నెలసరికి, పాలకు అది జవాబు కాదు. మీరిద్దరూ వదిలేసిన తేడా ఒకటి ఉంది. శరీరంలో ఏ మార్పూ లేకుండానే గర్భవతినని గట్టిగా నమ్మడం మతిభ్రమకు చెందినది; లక్షణాలు కంటికి కనిపించే మిథ్యాగర్భాన్ని అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013 నాటి వర్గీకరణలో దేహలక్షణ రుగ్మతల కిందనే ఉంచింది. అందువల్ల ముందు జరగవలసినవి మూత్రపరీక్ష, స్కానింగు, ఎందుకంటే గర్భసంచి బయట నిలిచిన గర్భమో, అండాశయ గడ్డో అయితే ఆలస్యం ప్రాణానికే ముప్పు. ఆ తరువాతే అసలు కష్టం మొదలవుతుంది. పెళ్లయి ఏళ్లు గడిచినా కడుపు పండలేదన్న మాటలు పడి, చివరికి సీమంతం కూడా చేయించుకున్న అమ్మాయికి తెర మీద ఖాళీ గర్భసంచిని చూపించి, "ఏమీ లేదమ్మా, సైకియాట్రీకి వెళ్లు" అని చీటీ చేతిలో పెడితే ఆమె మళ్లీ ఆసుపత్రి గడప తొక్కదు. ఆమె దృష్టిలో అది బిడ్డ పోవడమే. అత్తగారిని బయట కూర్చోబెట్టి, ఆ ఏడుపు తీరేదాకా ఎవరైనా ఆమె పక్కన ఉండాలి. మానసిక వైద్యుడు ఆ గదికే వస్తే ఇంకా మంచిది.

పాత స్టెతస్కోపు:
అంగీకరిస్తాను. అయితే ప్రొలాక్టిన్, థైరాయిడ్ పరీక్షలను మాత్రం ఆ జాబితా నుంచి తీసేయవద్దు.

తుంగభద్ర:
"ముందుగా మానసిక వైద్యుడు" అన్న మాటను వెనక్కు తీసుకుంటున్నాను. మేరీ విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు: అంత అవమానం జరిగిన తరువాత కూడా, 42 ఏళ్ల వయసులో, 1558 మార్చిలో, తాను మళ్లీ గర్భవతినని నమ్మి ఆమె వీలునామా రాసింది.