చర్చ: పని మీద పోయే యాత్రా రచయిత పిల్లల్ని వెంట తీసుకుపోవాలా?

బాటసారి_హన్మకొండ:
బడికి పోయే పిల్లలున్న ఇంట్ల ఒకరు యాత్రా వ్యాసాలు రాస్తూ బతకాలంటే, పిల్లల్ని వెంటేసుకొని పోవుడే దారి అని చాలామంది అంటున్నరు. ఇల్లు విడిచినట్టు ఉండదు, రాత ఆగినట్టు ఉండదు అని వాళ్ల వాదన. నిజంగ నడుస్తదా? మన హన్మకొండ, ములుగు దిక్కు చోట్లనే తీసుకొని లెక్కతోని చెప్పండి.

గోదారిగట్టు:
నడవదు. మొదటి అడ్డం కాలం. బొగత జలపాతం నిండుగ దుంకేది జులై నుంచి సెప్టెంబరు దాకా. అప్పుడు బడులు నడుస్తుంటయి. ఎండకాలం సెలవులు ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ రెండో వారం దాకా. అప్పుడు ఎండ 44, 45 డిగ్రీలకు పోతది, జలపాతం సన్నబడతది. దసరా సెలవులల్ల లక్నవరం చెరువు నిండుగనే ఉంటది గాని, అవి బతుకమ్మ రోజులు. తల్లిగారింటికి పోయే పండుగ పూట రచయిత పని కోసం ఇంటిల్లిపాదిని అడవి బాట పట్టించుడు అన్యాయం.

రెండోది పని తీరు. రామప్ప గుడి తూర్పు ముఖం. చూరు కింది నల్లరాతి మదనికల (ఆడోళ్ల శిల్పాల) మీద ఏటవాలు వెలుగు పడేది పొద్దుపొద్దుగాల్నే. అది దొరకాలంటే హన్మకొండల చీకటితోనే బయలెల్లాలె. ఒక్కో బొమ్మ దగ్గర ఆగి నగలు, సిగ, కాలిజోడు రాసుకొని, గుడి చుట్టూ ఇంకోసారి తిరిగి సరిచూసుకోవాలంటే మూడు గంటలు కావాలె. నాలుగేండ్ల పిల్ల అరగంటకే "పోదాం" అంటది. పిల్లది తప్పు కాదు. తొందరల రాసుకున్న నోట్సు ఇంటికొచ్చినంక మోసం చేస్తది. ఏ మదనిక ఏ దిక్కున ఉందో గుర్తుండదు, ఫోటోలు కలగాపులగమైతయి. మళ్ల ఒకసారి పోవాల్సి వస్తది, ఆ ఖర్చు ఎవరూ ఇయ్యరు.

చెరువుకట్ట:
గోదారిగట్టు అన్నా, సగం ఒప్పుకుంట. కాని చదివేటోళ్లు ఎవరు? ఎక్కువమంది పిల్లలతోని పోయేటోళ్లే. వాళ్లకు కావాల్సిన సంగతులు ఒంటరిగ పోయినాయనకు కనబడయి. చెప్పులు విడిచినంక రామప్ప ఆవరణల రాయి మిట్టమధ్యాహ్నం ఎంత కాలుతదో పసి కాళ్లు చెప్తయి. సాక్సులు తొడిగించమని రాయాలంటే అది తెలియాలె. నీడ ఎక్కడ, బాత్‌రూమ్ ఎంత దూరం, గ్లాసెడు పాలు వేడి చేసిచ్చే హోటల్ ఉందా, ఇవీ వ్యాసంల ఉండాలె.

అందుకే రెండు ప్రయాణాలు పెట్టుకోవాలె. మొదటిది ఒక్కరే, ఒకటిన్నర రోజు, పూర్తిగ పని. తర్వాత ఒక ఆదివారం కుటుంబంతోని, నోట్‌బుక్ సంచిలనే. వంద కిలోమీటర్ల లోపలైతే ఇది నడుస్తది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల మహాలక్ష్మి పథకం కింద ఆడోళ్లకు టికెట్ పైసలు లేవు కనుక రెండో ప్రయాణం పెద్ద బరువు కాదు.

దూరం రైలు ప్రయాణమైతే మాత్రం ఒక్కరే పోవాలె. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటది, పత్రిక నుంచి "రాయండి" అన్న కబురు పదిహేను రోజుల ముందు వస్తది. తత్కాల్‌ల ఒక బెర్త్ దొరుకుడే గగనం, నలుగురికంటే ఇంక చెప్పనక్కర్లేదు. ఐదేండ్లు దాటిన పిల్లకు బెర్త్ కావాలంటే పూర్తి చార్జీ.

ఇంటిదీపం:
అన్నలూ, ఇద్దరూ తిరుగుడు గురించే మాట్లాడుతున్నరు. ఇల్లు కుంగేది తిరిగే రోజులతోని కాదు, రాసే రోజులతోని. ఒక రోజు తిరిగితే మూడు రోజులు బల్ల ముందు కూసోవాలె. తిరిగే రోజు క్యాలెండర్‌ల రాసి ఉంటది, ఇంట్ల అందరికీ తెలుసు. రాసే రోజు ఎక్కడా ఉండదు. మనిషి ఇంట్లనే ఉన్నడు గదా అని పిల్లలు దగ్గరికొస్తరు, ఆయన విసుక్కుంటడు. కయ్యం అక్కడ మొదలైతది. రాసే మనిషి ఆడామె అయితే ఇంకా కష్టం. తలుపేసుకుంటే పొయ్యి ఆగుతది. వంట ఎవరిదో ముందే తేలాలె.

అందుకని ఒక రోజు ప్రయాణం రాసినప్పుడే దాని పక్కన మూడు రాత రోజులు క్యాలెండర్‌ల రాయాలె. తిరిగొచ్చిన రాత్రి ఫోటోలు రెండు చోట్ల కాపీ చేసి, బస్సులనో రైళ్లనో గిలుకురాతల రాసింది తెల్లారేసరికి సాపు చేయాలె. వారం దాటితే సొంత రాతే అర్థం కాదు. మిగిలిన రాత పొద్దున నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా, టిఫిన్ డబ్బాలు మొదలుకాకముందే. అర్ధవార్షిక పరీక్షల వారం ప్రయాణం ఒప్పుకోవద్దు.

పైసల సంగతి కూడా ఇంట్ల చెప్పి పెట్టుకోవాలె. పారితోషికం అచ్చయినంక నెల రెండు నెలలకు వస్తది. జూన్ బడి ఫీజును దాని మీద పెట్టుకుంటే అప్పు తప్పదు. ప్రయాణాలకు వేరే ఖాతా ఉంచి, అందులకెల్లే తియ్యాలె.

బాటసారి_హన్మకొండ:
మరి మేడారం? రెండేండ్లకొక్కసారి వచ్చే జాతర, పిల్లలకు చూపించాలనీ ఉంటది, రాయాలనీ ఉంటది.

గోదారిగట్టు:
ఆ నాలుగు రోజులు రాసే మనిషితోని పిల్లలు వద్దు. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ గద్దెకు వస్తది, గురువారం చిలకలగుట్ట దిగి సమ్మక్క వస్తది. రాసేటోడు ఉండాల్సింది ఆ రెండు పొద్దులే, జనం తొక్కుకునేదీ అప్పుడే. ఫోన్లు కలవయి.

చెరువుకట్ట:
ఈ మాటకు అడ్డం చెప్ప. కుటుంబాన్ని రెండు మూడు వారాలు ముందు తీసుకుపోవాలె. అప్పటికే జనం మొక్కులకు వస్తుంటరు, బంగారం (మనిషి బరువుకు సరితూగే బెల్లం) ఎత్తిచ్చి పంచిపెట్టుడు, జంపన్నవాగు స్నానం పిల్లలు నిమ్మళంగ చూస్తరు. అప్పుడు కూడా ఫోన్ నంబర్ చీటీ అంగీ జేబుల పెట్టి పిన్ను కొట్టండి, తప్పిపోతే కలిసే చోటు బస్సు దిగంగనే చూపించండి.