"చనరాని చోట్ల": ఆ "రాని"కి అర్థమేమిటి?

తుంగభద్ర తీరవాసి:
సభ్యులందరికీ నమస్కారం. వారం రోజులుగా పోతన భాగవతంలోని గజేంద్రమోక్షంలో ఒక కందం సగం సగంగా నోట్లో నలుగుతోంది. చివర "సందేహమయ్యెఁ గరుణావార్ధీ" అని ఖాయంగా గుర్తుంది. రెండో పాదం మాత్రం చిన్నప్పుడు మా నాయనమ్మ చదివినట్లుగా "చనుదఁట పోరాని చోట్ల" అనే వస్తోంది. అచ్చు పుస్తకం తీసి చూస్తే "చనుదఁట చనరాని చోట్ల" అని ఉంది. నాయనమ్మ పాఠం ఎవరైనా విన్నారా, లేక అది ఆమె సొంతమా అన్నది నా మొదటి ప్రశ్న. రెండోది ఇంకాస్త ఇబ్బంది పెడుతోంది. "చనరాని చోట్ల" అంటే ఎవరూ వెళ్లలేని చోట్లా, ఎవరూ వెళ్లకూడని చోట్లా? ఇంతకాలం మొదటి అర్థంతోనే చదువుకున్నాను. ఇప్పుడెందుకో అది నిలవడం లేదు.

కందపద్యం:
ముందు పద్యం పూర్తిగా ఉండనివ్వండి.

"వినుదఁట జీవుల మాటలు
చనుదఁట చనరాని చోట్ల శరణార్థుల కో
యనుదఁట పిలిచిన సర్వముఁ
గనుదఁట సందేహమయ్యెఁ గరుణావార్ధీ!"

మీ నాయనమ్మగారి పాఠాన్ని ఛందస్సు పేరు చెప్పి తోసిపుచ్చడం కుదరదు. "చనరా" సగణం, "పోరా" గగం. రెండూ నాలుగు మాత్రలే. ఆరో గణం "నిచోట్ల" జగణంగా చెక్కుచెదరకుండా ఉంది. యతి "చ"కూ "శ"కూ గనుక దానికీ ఢోకా లేదు. అయినా నేను "పోరాని" ఒప్పుకోను. "చనుదఁట చనరాని" అన్నప్పుడు ఒకే ధాతువు తనకు తానే అడ్డుపడుతోంది. చనరానిదైతే చనడమెలాగన్న ఆ పెనుగులాటే ఈ పాదానికి ప్రాణం. "పోరాని" అనగానే అది సద్దుమణిగిపోతుంది.

ఓరుగల్లు వాసి:
అర్థం విషయంలో ఇంత తర్జనభర్జన అవసరమా? మా వైపు "వానికి రాయరాదు, సదువరాదు" అంటే చేతకాదని అర్థం, ఎవరో కూడదన్నారని కాదు. పట్టరాని సంతోషం, తాళరాని బాధ, మోయరాని బరువు అనే మాటల్లోనూ "రాని" శక్తి లేకపోవడాన్నే చెబుతుంది. చనరాని చోట్లంటే ఎవరికీ అడుగు పెట్టశక్యం కాని చోట్లు. ఏనుగు నీళ్లలో చిక్కింది. అక్కడ మొసలిది స్థానబలిమి అని వేమన చెప్పనే చెప్పాడు. అలాంటి చోటికి కూడా నీవు రాగలవట అని ఏనుగు అంటోంది. బమ్మెర పోతన మా నోటి తెలుగులో రాస్తే మాకు టీక అక్కరలేదు.

కడప మేష్టారు:
అయ్యా, బమ్మెర ఇంటిపేరును ఊరిపేరుగా తిప్పి చివరికి వ్యాకరణంలోకి కూడా తెచ్చారు. పోతన ఊరని చెప్పే ఏకశిలానగరం ఓరుగల్లా, ఒంటిమిట్టా అన్న వాదం మరో రోజు పెట్టుకుందాం. ఒంటిమిట్ట మాకు దగ్గరలోనే ఉంది, ఎక్కడికీ పోదు. మీరు ఏరిన మాటలు మీకు అనుకూలమైనవే. అంటరాని, అనరాని, వినరాని, చేయరాని అనే మాటల మాటేమిటి? అనరాని మాటను ఎవడైనా అనగలడు, నోరుంటే చాలు. అనకూడదు గనుకనే అది అనరానిది. "ఇక్కడ పొగ త్రాగరాదు" అన్న బోర్డు చూసి తనకు త్రాగడం చేతకాదని ఎవరూ అనుకోరు. చనరాని చోటంటే మర్యాద వద్దన్న చోటు.

దీనికి పోతనే సాక్ష్యం. నాలుగడుగులు ముందుకు వెళితే "సిరికిం జెప్పఁడు" పద్యం వస్తుంది. చెప్పఁడు, సంధింపఁడు, చీరఁడు, పన్నింపఁడు, ఒత్తఁడు, వీడఁడు అని ఆరు వ్యతిరేక క్రియలు. ఆలికి చెప్పి వెళ్లడం, ఆయుధాలు ధరించడం, పరివారాన్ని పిలవడం, గరుడుణ్ణి సిద్ధం చేయించడం, చెదరిన జుట్టు సవరించుకోవడం, పట్టుకున్న పైటకొంగు వదలడం అన్నవి దేవుడికి చేతకానివా? ఇంటి యజమానిగా, ప్రభువుగా ఆయన చేయవలసినవి. వాటిని చేయకుండా బయలుదేరాడు. వెళ్లకూడని విధంగా వెళ్లిన వాడి గురించి "చనరాని" అన్న మాట ముందే పడింది.

ఓరుగల్లు వాసి:
మేష్టారూ, ఇప్పుడు శ్రీనాథుడు ఆ పద్యాన్ని ఆక్షేపించడం, పోతన బావిలో రాయి వేసి ఆయన పిల్లవాడు పడ్డాడని కేక వేయడం కూడా చెబుతారా?

కడప మేష్టారు:
చెప్పను. ఆ కట్టుకథ మీకూ తెలుసు, నాకూ తెలుసు. కానీ అది పుట్టడానికి కారణం ఏమిటో ఆలోచించండి. ఆ పద్యం విన్నవాళ్లకు "ఇదేమిటి, ఇలా వెళ్లకూడదు కదా" అనిపించింది గనుకనే ఆ కథ పుట్టింది. "వెళ్లలేడు కదా" అని ఎవరికీ అనిపించలేదు.

పాత పుస్తకాల అంగడి:
మీరిద్దరూ పాదాన్ని ఒకే విధంగా విరుస్తున్నారు. నేను చిన్నప్పటినుంచి "చనుదఁట" దగ్గర ఆగి, "చనరాని చోట్ల శరణార్థుల కో యనుదఁట పిలిచిన" అని ఒక్క ఊపులో చదువుతాను. అప్పుడు చనరాని చోట్లు దేవుడు వెళ్లే చోట్లు కావు, శరణార్థులు చిక్కుకున్న చోట్లు. తాము వెళ్లకూడని చోటికి వెళ్లి ఆపదలో పడ్డవాళ్లు పిలిచినా "ఓ" అంటాడట. గజేంద్రుడి సంగతి సరిగ్గా ఇదే. సంస్కృత మూలంలో త్రికూటం లోయలో ఉన్నది వరుణుడి ఉద్యానం, ఋతుమంతం దాని పేరు. మందతో, మదంతో అక్కడి కొలనులో దిగి నీళ్లు కలచివేసినవాడు ఈ ఏనుగు. హద్దు మొదట దాటింది దేవుడు కాదు, ఏనుగే.

కందపద్యం:
ఊహ అందంగా ఉంది, అన్వయం కుదరడం లేదు. "వినుదఁట"కు జీవుల మాటలున్నాయి, "కనుదఁట"కు సర్వమూ ఉంది, "ఓ యనుదఁట"కు శరణార్థులున్నారు. మీ విరుపులో "చనుదఁట" ఒక్కటే తోడు లేకుండా దారిలో నిలబడుతుంది. ఎక్కడికి వెళతాడట? నడిచే పద్యాన్ని కుంటిదాన్ని చేయకండి. పైగా సగంమంది "శరణార్థుల కోయనుదఁట" అని ఏకబిగిన చదివి, ఏదో కోయడం గురించి అనుకుంటున్నారు. "ఓ" విడిగా వినబడాలంటే దాని ముందు కాస్త విరామం ఉండాలి.

గుంటూరు పాఠకురాలు:
ఇంత దూరం వచ్చాక కూడా ఆ "ఓ"ను ఎవరూ పట్టించుకోకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. తరువాతి పద్యం "ఓ కమలాప్త! యో వరద!" అని మొదలై ఓకారాలతోనే నిండిపోతుంది, మధ్యలో "కుయ్యో" అన్న మూలుగు కూడా ఉంది. పిలిస్తే "ఓ" అంటావట అని విన్న జీవి, అటునుంచి ఆ "ఓ" రాక, తానే "ఓ, ఓ" అని పిలవడం మొదలుపెట్టింది. నేను ఈ పద్యాన్ని ఎప్పుడు చదివినా ఇక్కడే ఆగిపోతాను.

అడిగినదానికి వస్తాను. "వెళ్లలేని", "వెళ్లకూడని" అని మీరు గీస్తున్న గీత అసలు ఎవరి వైపునుంచి గీసినది? జాషువా "గబ్బిలం" 1941లో వచ్చింది. గుడిలోకి అడుగు పెట్టనివ్వని మనిషి శివుడికి తన గోడు చెప్పుకోవడానికి గబ్బిలాన్ని పంపుతాడు, అదీ పూజారి లేని వేళ విన్నవించమంటాడు. ఆ మనిషికి గర్భగుడి చనరాని చోటు. కాళ్లున్నాయి గనుక వెళ్లగలడు, సంఘం వద్దన్నది గనుక వెళ్లకూడదు, వెళితే ప్రాణం దక్కదు గనుక వెళ్లలేడు. మూడూ ఒకటే "రాని". అది రెండు అర్థాలుగా విడివిడిగా కనబడేది గట్టున కూర్చున్నవాళ్లకే.

కడప మేష్టారు:
అమ్మా, జాషువా విషయంలో మీతో వాదించను. కానీ ఆయన కావ్యాన్ని తెచ్చి పోతన సమాసానికి అర్థం చెప్పడం పద్ధతి కాదు. కవి కాలంలో ఆ ప్రయోగం ఎలా ఉందన్నది చూడాలి.

గుంటూరు పాఠకురాలు:
పోతన దగ్గరికే వెళదాం. "ఎవ్వనిచే జనించు" దగ్గర మొదలుపెట్టి "కలఁడందురు దీనుల యెడ" దాకా దేవుడు "అతఁడు", "వాఁడు". "లోకంబులు లోకేశులు" పద్యంలో ఆయన "పెంజీఁకటి కవ్వల" ఉన్నాడు. ఆ "అవ్వల" సంస్కృతంలో "పారే" అన్న మాటకు తెలుగు. అంటే ఏనుగుకు, ఆయనకు మధ్య ఒక ఒడ్డు ఉంది. "కలఁడు కలండనెడివాఁడు గలఁడో లేఁడో" అన్న సందేహం కూడా దూరంగా ఉన్నవాడి మీద సందేహమే. ఆపైన చిన్న వచనం వస్తుంది: "తనలో నీశ్వర సన్నిధానంబు గల్పించుకొని యిట్లనియె". ఆ వెంటనే "లా వొక్కింతయు లేదు", అందులోనే "నీవే తప్ప". అప్పటిదాకా లేని "నీవు" ఆ వచనం తరువాతే పుట్టింది. వేయేళ్లు సొంత బలంతో పోరాడిన జీవి, తన బలాన్ని, దాని వెనకున్న అహంకారాన్ని దాటి ఈ "నీవు"లోకి వచ్చింది. గజేంద్రుడు దాటవలసిన అసలు హద్దు నా లెక్కలో ఇదే. మొసలితో పోరు దీనికి దారి మాత్రమే.

అందుకే "వినుదఁట"లో క్రియలు "వినుదు, చనుదు" అని మధ్యమ పురుషలో ఉన్నాయి. ఎదురుగా ఉన్నవాడితో "నీవు వింటావట, వెళతావట" అని మాట్లాడుతోంది. "అఁట" మాత్రం వదలలేదు. ముఖాముఖి నిలబడి కూడా ఊరివాళ్ల మాటగా చెప్పడంలో చిన్న ఎత్తిపొడుపు ఉంది: అందరూ అలా అంటున్నారు మరి, నాకు కనబడడం లేదేం?

ఓరుగల్లు వాసి:
ఎత్తిపొడుపు అన్నమాట ఒప్పుకుంటాను. అయితే ఎత్తిపొడుపు పనిచేసేది నా అర్థంతోనే. "ఎవ్వరూ పోలేని చోటికి పోతావట, మరి ఈ కొలనుకు రాలేవా?" అన్నప్పుడే అది గుచ్చుకుంటుంది. "కూడని చోటికి పోతావట" అంటే నింద అవుతుంది గాని మొర కాదు.

కడప మేష్టారు:
నింద ఎందుకు కాకూడదు? ప్రాణం మీదికి వచ్చిన జీవి నిందించదా? "లా వొక్కింతయు" పద్యంలోని "రావే", "కావవే" అన్నవి కూడా "రావు", "కావవు" అన్న వ్యతిరేక రూపాలకు ఏకారం చేర్చినవే. "రావా, కాపాడవా" అని నిలదీయడమే వాటి మూలం. ఇప్పుడు మనం "రావే"ను ఆడవాళ్లను చనువుగా పిలిచే మాటగా చేసుకున్నాం గనుక ఆ నిలదీత వినబడడం లేదు.

పాత పుస్తకాల అంగడి:
అయితే "చనరాదా?" అన్న బతిమాలే మాటలోనూ ఈ "రా"యే ఉంది కదా. "రారాదా", "చెప్పరాదా", "జర తినరాదు" అంటాం. నిషేధం, అశక్తత, బతిమాలడం మూడూ ఒక్క "రాదు"లోనే ఇమిడాయి. నా విరుపును ఎవరూ ఒప్పుకోకపోయినా, ఈ మూడో అర్థం పద్యంలో అడుగున తడిలా ఉందని నాకు అనిపిస్తుంది.

కందపద్యం:
తడి దాకా వెళ్లాక వ్యాకరణం పనికిరాదు. నేను ఆగుతున్నాను.

తుంగభద్ర తీరవాసి:
అందరికీ కృతజ్ఞతలు. "పోరాని" గురించి ఎవరూ విన్నట్లు లేదు గనుక అది మా నాయనమ్మదేనని అనుకోవలసి వస్తోంది. ఆమె ఎప్పుడు చదివేదో చెప్పకుండా అడగడం నా పొరపాటు.

తాతగారు పోయినప్పుడు ఆమెకు ముప్పై దాటలేదు. పొలం గట్టును దాయాదులు ఏడాదికి ఒక సాలు చొప్పున లోపలికి జరుపుకుంటూ వచ్చారు. మా ఇంటి ఆడవాళ్లు కోర్టు మెట్లెక్కరని పెద్దలు అన్నారు. అప్పట్లో వీధి అరుగు దాటి ఒంటరిగా వెళ్లడమే గొప్ప. ఒకరోజు ఆమె తెల్లవారుజామున బస్సెక్కి జిల్లా కోర్టుకు వెళ్లి, పగలంతా వరండాలో నిలబడి, పొద్దుగూకాక తిరిగి వచ్చింది. బావి దగ్గర కాళ్లు కడుక్కుంటూ ఈ పద్యం చదివిందని మా అత్తయ్య చెప్పేది. ఆ తరువాత వాయిదాకు వెళ్లిన ప్రతిసారీ చదివేదట. నేను విన్నది చాలా ఏళ్ల తరువాత, అప్పటికి ఆ వ్యాజ్యం ముగిసిపోయింది. దేవుడి గురించి చదువుతోందో, తన గురించి చదువుతోందో అప్పుడు నాకు తెలియదు. ఇప్పుడు మీరందరూ చెప్పినవి చదివాక, ఆమె "చన"ను "పో"గా ఎందుకు మార్చిందో కొంత ఊహించగలుగుతున్నాను. చనడం పుస్తకంలో మాట. ఆమె మాత్రం పోయింది.

గుంటూరు పాఠకురాలు:
ఈ సంగతి మొదటే చెప్పి ఉంటే మేమింత కొట్టుకునేవాళ్లం కాదు.

ఓరుగల్లు వాసి:
కొట్టుకునేవాళ్లమే. ఆమె వెళ్లలేకపోయిందా, వెళ్లకూడదన్నారా అని మేష్టారు అడిగేవారు.

కడప మేష్టారు:
అడిగేవాణ్ణి కాదు. అయినా "కూడదు" అన్నవాళ్లు పెద్దలని వారే రాశారు, గమనించగలరు.

కందపద్యం:
ఆగుతానన్నాను గాని ఒక్క సందేహం. మీ నాయనమ్మగారు "పోరాని చోట్ల" అనే చదివేవారా, "పోరాని చోటికి" అనేవారా? "చోటికి" అయితే యతి పడవలసిన చోట "కి" వచ్చి కూర్చుంటుంది, ఆపై గణం అయిదు మాత్రలవుతుంది. అప్పుడు పాఠాంతరమన్న మాటే ఉండదు.

తుంగభద్ర తీరవాసి:
మీరు అడిగాక గట్టిగా రెండు మూడుసార్లు చదివి చూసుకున్నాను. "చోటికి" అన్నట్లే వినబడుతోంది.